కూతకు పోవువాని యోగ్యతను నిర్ణయించుట ఎట్లు?

గుత్తి కోట నీడను పెరిగిన బాలురకు చెడుగుడు నేర్పవలసిన పని లేదు. వేరుసెనగ కోత ముగిసిన చేలలోనో, నీరింకిన చెఱువు గర్భములోనో గీతలు గీచి, కూత పట్టి, మోకాళ్లు గీరుకొని పెరుగుదురు. ఆ ఆటయే కబడ్డీ యను పేర నేడొక వృత్తియైనది. 2014 వ సంవత్సరము జూలై 26 వ తేదీన ప్రో కబడ్డీ లీగు ఆరంభమైనది మొదలు, కూత పట్టియు ధనము గడింపవచ్చునని తలిదండ్రులకు సైతము తెలిసినది. కావున పై తరగతుల విద్యార్థులును, వారి తండ్రులును తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "మా వాడు కళాశాల జట్టులో మేటి. వృత్తి ఆటగాడు కాగలడా?"

ఈ ప్రశ్న వేడుకకు అడుగునది కాదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ మనది. ఆ కొద్ది వానయు వేళకు రాని యేట పంట చేతికి రాదు. అట్టి యేట కుమారుని చదువు మానిపించి, ఆటనే నమ్ముకొమ్మని చెప్పుటకు తండ్రి మనసు లాగును. అప్పుడు పొగడ్తకు "అవును" అనుటయు, విసుగునకు "కాదు" అనుటయు రెండును ద్రోహమే. ఏమేమి చూచి నిర్ణయింపవలెనో ఈ పాఠమున వివరింప బూనితిమి.

ఆట నెరుగని పెద్దల కొఱకు నాలుగు మాటలు. పురుషుల మైదానము పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. ఒక్కొక్క పక్షమున ఏడుగురు. ఆట 20 నిమిషముల చొప్పున రెండు భాగములు. ఒకడు "కబడ్డీ, కబడ్డీ" యని విడువక పలుకుచు ఎదిరివారి చోటికి బోయి, 30 సెకనులలో వారిని తాకి తిరిగి రావలెను. వానినే నేటి పత్రికలు రైడరు అనుచున్నవి. నడిమి గీతకు 3.75 మీటర్ల దూరమున బాకు గీతయు, దానికి మీటరు ఆవల బోనసు గీతయు ఉండును. తాకిన పాయింటు వచ్చును. పట్టువడిన పాయింటు ఎదిరివారికి పోవును, రైడరు బయట గూర్చుండును. ఇంతవఱకు చాలును.

కళాశాలలో మెరిసినవాడు వృత్తిలో నిలుచునా యను విచారము మనకు క్రొత్త గాని, అమెరికావారికి ప్రాతది. వారు ఫుట్‌బాల్ అనునది మన కాలిబంతి కాదు. అందు బంతిని చేతబట్టి విసరుదురు. విసరువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. ఎదిరి వరుసను ఛేదించి, వాడు బంతి విసరక మునుపే వానిని నేల గూల్చువాడు పాస్ రషర్. అట్లు గూల్చుటకు శాక్ అని పేరు. పరుల నేలలో జొరబడి, కొన్ని క్షణములలో పని ముగించువాడు గనుక వానికిని మన రైడరునకును దూరపు చుట్టరికము కలదని మా తలంపు. అచ్చటి వృత్తి జట్లు ఏటేట కళాశాల యువకులను ఒకచోట జేర్చి, 40 గజముల పరుగు, దూకుడు, మలుపు తిరుగుట, బరువు లెత్తుట మున్నగువానిని కొలుచును.

ఆ కొలతల ఫల మెట్టిదో రెండు పేర్లతో చెప్పెదము. వెర్నన్ గోల్‌స్టన్ అనువాడు ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయమున 2007 లో 14 శాక్‌లు సాధించెను. పరీక్షలో సుమారు 102 కిలోల బరువును పండుకొని 37 మార్లు ఎత్తెను. చూచినవారు నివ్వెఱపోయిరి. 2008 లో న్యూయార్కు జెట్స్ జట్టు వానిని దేశములో ఆరవవానిగా ఎన్నుకొనెను. మూడేండ్లు ఆడి, ఒక్క శాక్‌ను సైతము సాధింపలేకపోయెను. టెరెల్ సగ్స్ అనువాడు అరిజోనా స్టేట్ పక్షమున 2002 లో 24 శాక్‌లు సాధించినను, 40 గజముల పరుగులో మందుడని తేలెను. 2003 లో బాల్టిమోరు జట్టు వానిని పదవవానిగా తీసికొనెను. వాడు తన వృత్తిలో 139 శాక్‌లు సాధించెను.

దీనివలన పరీక్షలు వ్యర్థమని కొందరందురు. మే మట్లనము. గోల్‌స్టన్‌కు కళాశాల లెక్కయు ఉండెను, దేహబలమును ఉండెను; కావున లెక్కను మాత్రమే నమ్మినవారును మోసపోయిరి, బలమును మాత్రమే నమ్మినవారును మోసపోయిరి. కళాశాల ఆటలో ఎదిరివాడు బలహీనుడైన బలమొక్కటి చాలును. వృత్తిలో ఎదిరివాడును అంత బలవంతుడే. అప్పుడు చేతి నేర్పు, అడుగు నేర్పు, తరుణ మెరుగుట అవసరమగును. కనుక "ఎన్ని సాధించెను?" అను ప్రశ్నకు ముందు "ఎట్లు సాధించెను?" అని అడుగవలెను.

ఇక మన ఆటకు వత్తము. మొదట లెక్క సంగతి. ఊరిలో రైడరు గొప్పతనమును పాయింట్ల మొత్తముతోనే చెప్పుకొందురు. ఇద్దరు యువకులను ఊహింపుడు. ఇరువురును ఇరువదేసి కూతలకు పోయిరి. మొదటివానికి 10 పాయింట్లు, రెండవవానికి 7. మొదటివాడే మేటి యని గట్టున గూర్చున్నవారందరు కేకలు వేయుదురు. లోనికి దిగి చూడుడు. మొదటివాని పదింటిలో 7 బోనసు పాయింట్లు, మూడే తాకుళ్లు, ఆరుమార్లు పట్టువడెను, నాలుగు కూతలు వట్టివి. రెండవవాని ఏడును తాకుళ్లే, ఒక్కమారే పట్టువడెను, పండ్రెండు వట్టివి. మొదటివాడు పది తెచ్చి ఆరు పోగొట్టెను, మిగిలినవి నాలుగు. రెండవవాడు ఏడు తెచ్చి ఒకటి పోగొట్టెను, మిగిలినవి ఆరు.

అంతటితో తీరలేదు. తాకుడు పాయింటు వచ్చినపుడు బయట గూర్చున్న మనవాడొకడు మరల లోనికి వచ్చును. బోనసు పాయింటునకు అట్లు ఎవడును రాడు. రైడరు పట్టువడినపుడు ఎదిరివారిలో బయట నున్నవాడు లోనికి వచ్చును. మొదటివాడు తనవారు ముగ్గురను బ్రతికించి, పరులు ఆరుగురకు ప్రాణము పోసియుండవచ్చును. తాను బయట గూర్చున్న కాలము మరియొక నష్టము. ఇంకొక సంగతి: ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నపుడే బోనసు చెల్లును. ఎదిరి పక్షము అయిదుగురైనంతనే మొదటివాని విద్యలో అధికభాగము పనికిరాకపోవును.

అయితే రెండవవాని పండ్రెండు వట్టి కూతలను మఱవరాదు. ప్రో కబడ్డీలో వరుసగా రెండు కూతలు వట్టివైనచో మూడవది చావో బ్రతుకో. పాయింటు తేకున్న రైడరు బయటికి బోవలెను, ఎదిరివారికి పాయింటు. వాని వట్టి కూతలు జట్టును అట్టి మూడవ కూతకు నెట్టినవా, లేక ముందంజలో నున్నపుడు కాలము గడుపుటకు బుద్ధిపూర్వకముగా చేసినవా యని చూడక తీర్పు చెప్పరాదు. ఆ మూడవ కూతల లెక్కను వేరుగా వ్రాయవలెను. పట్టువారికి నీవు తాకక తప్పదని తెలియును, వారు వేచియుందురు. అప్పుడు పాయింటు తెచ్చువాని పది కూతలు, తీరికగా తెచ్చువాని ముప్పది కూతల కంటె ఎక్కువ చెప్పునని మా నమ్మకము.

తరువాత "ఎట్లు" అను ప్రశ్న. చేయి చాపి తాకుట అందరికిని వచ్చును. కాలి బొటనవ్రేలితో తాకుట, ప్రక్కకు తన్నుట, వెనుకకు తన్నుట, గొలుసుగా చేతులు పట్టుకొన్నవారి క్రిందుగా వంగి దూరుట (దీనినే డుబ్కీ అందురు), మీదుగా దూకుట ఇవన్నియు వేర్వేరు పనిముట్లు. ఒక్క పనిముట్టుతో కళాశాలలో గెలువవచ్చును; వృత్తి జట్లవారు చలనచిత్రములు వేసికొని చూచి, రెండు ఆటలలో దానిని పసిగట్టుదురు. పర్దీప్ నర్వాల్ డుబ్కీకి ప్రసిద్ధుడే. 2017 వ సంవత్సరపు పోటీలలో 369 రైడు పాయింట్లు సాధించెను, ఒకే కూతలో ఆరుగురను వెడలగొట్టెను. వాడు వంగునని లోకమంతయు ఎరుగును. ఎప్పుడు వంగునో మాత్రము పట్టువారికి తెలియలేదు. కాబట్టి పనిముట్ల సంఖ్యయొక్కటే కాదు, తరుణమును దాచుకొను నేర్పును చూడుడు.

మడమ పట్టు, తొడ పట్టు, ఢీకొట్టుట, అడ్డగించుట — వీనిలో దేనికి మన యువకుడు చిక్కుచున్నాడు? ఎప్పుడును ఎడమ మూలనే చిక్కువాడు తన అలవాటునకు చిక్కుచున్నాడు గాని ఎదిరివాని బలమునకు కాదు. అది దిద్దదగిన దోషము. ఎదిరి జట్టు ఎట్టిదో అదియు వ్రాసికొనవలెను. గ్రామ జాతరలో తెచ్చిన ఇరువది పాయింట్లకును, విశ్వవిద్యాలయముల పోటీలో తెచ్చిన ఆరింటికిని పోలిక లేదు.

దేహము సంగతి. కోటకొండను ఆగక ఎక్కి దిగువాడే గొప్ప రైడరగునని మనవారి నమ్మకము. ఊపిరికి అది మంచిదే. కాని రైడరునకు కావలసినది మొదటి రెండడుగుల వేగము, ఉన్నచోటనే తిరుగుట. బోనసు గీత నడిమి గీతకు 4.75 మీటర్ల దూరముననే యున్నది. అంతదూరము పోయి, మలగి, వెనుకకు పడు కాలమును కొలిచిన చాలును. ఊపిరి పరీక్ష వేరొకచోట కలదు: మొదటి భాగపు పాయింట్లను, రెండవ భాగపు పాయింట్లను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. పెద్దల జాతీయ పోటీలలో పురుషుల బరువు 85 కిలోలు దాటరాదు గావున కండ పెంచుటకును మేర యున్నది.

గాయములను తలిదండ్రులు తక్కువగా తలంతురు. తమిళ్ తలైవాస్ జట్టు 2022 లో రెండు కోట్ల ఇరువదియాఱు లక్షల రూపాయలకు కొన్న పవన్ సెహ్రావత్ మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ యేడంతయు ఆడలేకపోయెను. తరువాత కోలుకొని, 2023 లో మన తెలుగు టైటన్స్‌కు రెండు కోట్ల అరువది లక్షలకు పైగా వెలకు వచ్చెను. ధనికమైన జట్టునకు వైద్యులుందురు. వేసవిలో ఱాతివలె బిగిసిన మన నేలపై కూత పట్టి మోకాలు చెడగొట్టుకొన్న బీద విద్యార్థికి ఎవరుందురు? వృత్తి ఆట మెత్తని చాపపై జరుగును. చాపపై పాదము పట్టు వేరు, మలుపు వేరు. చాపపై కొన్ని నెలలైన ఆడనివానిని గూర్చి తీర్పు చెప్పకుండుటయే మేలు.

జట్టు భాగ్యమును ఆటగాని భాగ్యమును కలుపరాదు. 2023-24 పోటీలలో పవన్ రెండు వందలకు పైగా రైడు పాయింట్లు తెచ్చినను తెలుగు టైటన్స్ 22 ఆటలలో రెండే గెలిచెను. అట్లే మొదటి యేటి కొఱతను చూచి ఆశ విడువరాదు: పైని చెప్పిన పర్దీప్, 2015 లో బెంగళూరు పక్షమున ఆరు ఆటలలో తొమ్మిది రైడు పాయింట్లు మాత్రమే తెచ్చెను. బల్లపై గూర్చున్నవానికి పాయింట్లు రావు గదా. అందుచేత మొత్తము గాక, కూత కొకటికి ఎంత యని లెక్కింపుడు.

ఇప్పుడు తండ్రులకు చెప్పవలసిన కఠినమైన లెక్క. లీగున 12 జట్లు. జట్టునకు 18 మొదలు 25 మంది. అందరిని కూడినను మున్నూరు మించరు, వారిలో పరదేశీయులును కలరు, పట్టువారును కలరు. 2024 లో వేలమునకు పేర్లు చేర్చినపుడు, ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలలో మొదటి రెండు స్థానములు పొందిన జట్లనుండి 24 గురను చేర్చిరి. అనగా కళాశాల ద్వారము తెఱచియే యున్నది, కాని దాని గుండా పోవుటకు కళాశాలలో ఉండవలెను. చదువు మానినవానికి ఆ త్రోవ మూసికొనును. మరియొక త్రోవ మన గుమ్మము ముందే కలదు: రైల్వేవారు క్రీడాకారులకు ఉద్యోగము లిచ్చుచున్నారు, రైల్వే జట్టు దేశములోని బలమైన కబడ్డీ జట్లలో నొకటి. ఇంజను షెడ్డు కూత వినుచు పెరిగిన గుత్తి బాలురకు దీనిని వేరుగా చెప్ప నక్కరలేదు. లీగున చోటు దొరకనివానికి గూడ ఈ కొలువు దొరకవచ్చును. దానికి చదువు సాక్ష్యపత్రము కావలెను.

కావున ఈ యేడు మొదలు ప్రతి రైడరునకు ఒక పుస్తకము పెట్టుడని విద్యార్థులను కోరుచున్నాము. కూత సంఖ్య, ఎదుట నున్నవారు ఎందరు, తాకుడు, బోనసు, పట్టువడినచో ఏ పట్టునకు, ఏ మూలను, అది మూడవ కూతయా కాదా అను గడులు చాలును. ఆడువాడు గాక వేరొకడు వ్రాయవలెను. తన లెక్క తాను వ్రాసికొనువానికి వట్టి కూతలు జ్ఞప్తికి రావు. ముప్పది ఆటల పుస్తకము తెచ్చిన తండ్రికి ఏదో యొక సమాధానము చెప్పగలము. అంతకు మునుపు మా మాటకును, గట్టున కేకలు వేయువారి మాటకును భేదము లేదు.

బాలికల తలిదండ్రులును దీనిని చదువుదురని ఎరుగుదుము. వారికి లీగు త్రోవ ఇంకను ఇరుకు. 2016 లో మూడు జట్లతో స్త్రీల పోటీ యొకటి ప్రో కబడ్డీ వెంట జరిగినది. రైల్వే కొలువు త్రోవ మాత్రము వారికిని కలదు. వారి పుస్తకమునకును ఈ గడులే సరిపోవును. మైదానమును మాత్రము 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పుగా గీయవలెను.