జెల్లులు తోడుకొనుటలో ద్రవముయొక్క పాత్ర

చైనాగడ్డిని నీటిలో మరిగించి చల్లార్చినచో గడ్డకట్టును. మరల కాచినచో కరగును. ఇట్టి పదార్థములకు జెల్లులని పేరు. అందు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు నీరే యున్నను, గిన్నెను వంచినప్పుడు అది కారదు. ఏలయన, చైనాగడ్డియందలి పొడవైన అణువులు వలవలె అల్లుకొని నీటిని తమ సందులలో నిలిపియుంచును.

అణువులు చిన్నవైనచో జెల్లు ఏర్పడదా? ఏర్పడును. చిన్న అణువులు తమంతట తామే వరుసగా కూడి పోగులగును. ఆ పోగులే వల యగును. ఇట్లు అణువులు ఒండొంటితో కూడు విధమును విచారించు శాస్త్రమునకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు జీన్ మారీ లేన్ 1978లో సుప్రామాలిక్యులర్ రసాయనశాస్త్రమని పేరిడెను. 1987లో ఆయన మరి యిద్దరితోగూడ నోబెలు బహుమానమును పొందెను.

దీనికి మన ఆముదమునుండియే ఒక ఉదాహరణమును తీసికొందము. నల్లగొండ, పాలమూరు సీమల రైతులు చిరకాలముగా ఎరిగిన పైరే యిది. ఆముదమునకు ఉదజనిని చేర్చి, పిదప విడగొట్టినచో 12-హైడ్రాక్సీస్టియరికామ్లమను తెల్లని మైనమువంటి పదార్థము లభించును. దీని అణువు 18 కర్బన పరమాణువుల గొలుసు. ఒక కొనయందు ఆమ్లభాగమును, పండ్రెండవ కర్బనముకడ హైడ్రాక్సిలు భాగమును గలవు. ఈ రెండు భాగములతోను అణువులు ఒండొంటిని పట్టుకొనును. ఈ పట్టునకు ఉదజనిబంధమని పేరు.

ఈ పదార్థమును మూడు పాత్రలలో వేసి కాచి చల్లార్చితిమనుకొందము. వేరుసెనగనూనెలో నూటికి రెండు మూడు పాళ్లు వేసినను నూనె అంతయు తోడుకొనును. ఆల్కహాలులో అది కరగి ద్రవముగానే యుండును. నీటిలో కరగకయే మైనపు ముద్దయై తేలును.

పదార్థమొక్కటియే, ఫలములు మూడు. కారణమేమి? ఆల్కహాలు అణువులకును హైడ్రాక్సిలు కలదు. అవియే ఆమ్లపు అణువులను పట్టుకొనుటచే, ఆ యణువులు తమలో తాము కూడజాలవు. నీరు వాని పొడవైన కర్బనపు గొలుసులను చేరనీయదు. నూనెయో, వేడిగా నున్నప్పుడు వానిని కరగించుకొనును. చల్లారినప్పుడు వానిని తమలో తాము కూడనిచ్చును. మిక్కిలి చెలిమియు, మిక్కిలి విరోధమును లేని ద్రవమునందే జెల్లు పుట్టును. చెలిమి కొంచెము హెచ్చైన కొన్ని ద్రవములలో జెల్లు ఏర్పడినను, స్వచ్ఛముగా నుండక మసకబారును.

ఈ జ్ఞానము వ్యర్థము కాదు. జపానులో గృహిణులు వాడిన వేపుడునూనెలో ఇట్టి పొడిని వేసి గడ్డకట్టించి చెత్తతో పారవేయుదురు. ఆ నూనె కాలువలలో చేరి నీటిని చెరుపదు. యంత్రములకు పూయు లిథియము గ్రీజునకును ఈ ఆమ్లపు లవణమే ఆధారము.

కావున విద్యార్థులారా, ఒక పదార్థముయొక్క గుణమేమని అడుగునప్పుడు, అది ఏ ద్రవమునందున్నదని కూడ అడుగుడు. రెండవ ప్రశ్న లేనిదే మొదటిదానికి సమాధానము పూర్తి కాదు.