పాతచీరలతో బొంత

చలికాలము వచ్చినంతనే, కప్పుకొనుటకు తగిన దుప్పటి లేక, గది తలుపులు మూసి కుంపటి ప్రక్కన పండుకొను వృద్ధులు మన పల్లెలలో కనబడుదురు. ఇది ప్రాణాపాయకరము. బొగ్గులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు వాసన లేదు. నిద్రలోనున్న వానికి దాని రాక తెలియదు. ఆ యింటనే పెట్టె యడుగున చినిగిన నూలుచీరలు రెండు మూడు పడియుండును. వానిని పాతబట్టల వర్తకునికి చిన్న గిన్నె కొరకు ఇచ్చివేయుదురు. ఆ చీరలే ఒక మనిషికి చాలినంత బొంత యగును. కొనవలసినవి లావు సూదియు, నూలు దారపుండలును మాత్రమే.

బొంతకు వెచ్చదనము నిచ్చునది బట్టపొరల నడుమ నిలిచిన గాలి. అది శరీరపు వేడిని వెలికి పోనీయదు. కావున పొరలు జారి ముద్దకట్టకుండ, గట్టిగా బిగిసి గాలికి చోటు లేకుండ పోకుండ కుట్టుటయే ఇందలి నేర్పు.

బట్టల ఎంపిక

పలుమార్లు ఉతికిన నూలుబట్ట మెత్తగా నుండి చెమటను పీల్చును. పాలియెస్టరు చెమటను అంతగా పీల్చదు; నిప్పంటినచో కరగి చర్మమునకు అంటుకొనును. బట్టలను వేడినీట నానబెట్టి, గంజి యంతయు పోవునట్లు ఉతికి ఆరవేయవలెను. గంజి మిగిలినచో పురుగులు చేరును.

కొలతలు, కుట్టు

చీర పొడవు సుమారు 18 అడుగులు, వెడల్పు 45 అంగుళములు. రెండింటిలో గట్టి చీరనుండి 12 అడుగులు కత్తిరించి, నడిమికి మడచినచో పైబట్టయు అడుగుబట్టయు నగును. దాని మిగులు ముక్కను, రెండవ చీరనుండి తీసిన మూడు 6 అడుగుల ముక్కలను లోపల పరుపవలెను. చిరుగులకు ముందే అతుకులు వేయవలెను. లోపలి ముక్కలు అన్నివైపుల ఒక అంగుళము తక్కువగా నున్నచో, పైబట్ట అంచులను లోనికి మడచుట సులభము.

చదునైన నేలపై చాప పరచి, దానిపై పొరలను ముడుతలు లేకుండ సరిచేసి, నడిమినుండి అంచులవైపు పొడవైన తాత్కాలికపు కుట్లు వేయవలెను. పిమ్మట అంచులు కుట్టి, రెండువ్రేళ్ళ యెడముతో వరుసలుగా సాదాకుట్టు వేయవలెను. దారమును లాగి బిగింపరాదు. పని ముగిసిన పిదప తాత్కాలికపు కుట్లను విప్పివేయవలెను. ఇరుగుపొరుగు స్త్రీలు ఇరువురు ముగ్గురు చేరి చెరియొక వైపున కూర్చున్నచో పని త్వరగా ముగియును.

జాగ్రత్తలు

నూలుబట్టయు మండునదే, బొంతను నిప్పునకు దూరముగా నుంచవలెను. పసిబిడ్డ ముఖముపై బొంత కప్పరాదు. ఉతికినపుడు రెండు వైపుల ఎండలో పూర్తిగా ఆరవేయవలెను. తేమ మిగిలినచో బూజు పట్టును.

కొన్నియేండ్లకు పైబట్ట చినిగినను బొంతను పారవేయ నక్కరలేదు. మరియొక పాతచీరను దానిపై పరచి కుట్టినచో, అవ్వ కప్పుకొన్న బొంత మనుమరాలికిని అక్కరకు వచ్చును.