శిలాతోరణముల వనము

తిరుమల కొండపై గల శిలాతోరణమును మీలో కొందరు చూచియుందురు. మనుష్యుని ఉలి సోకకయే ప్రకృతి మలచిన ద్వారమది. అట్టివి రెండువేలకు పైగా ఒక్కచోట నున్న ప్రదేశము అమెరికా దేశమున, యూటా రాష్ట్రమునందు గలదు. దాని పేరు ఆర్చెస్ జాతీయోద్యానవనము. వనమన్నంతనే చెట్లను, పూలను తలంపకుడు. అది ఎఱ్ఱని రాళ్ళ యెడారి. 1929లో దానిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి. 1971లో జాతీయోద్యానవనముగా నొనర్చిరి.

అచ్చటి కాలిబాటలలో ‘డెవిల్స్ గార్డెన్’, అనగా దయ్యముల తోట, పేరెన్నిక గన్నది. దాని శాఖలన్నియు చూచి మరలుటకు సుమారు పండ్రెండున్నర కిలోమీటర్లు నడువవలెను. వేసవిలో ఎండ మిక్కుటము, నీడ యరుదు. కావున తెలిసిన యాత్రికులు వేకువనే బయలుదేరుదురు. దినమంతకు చాలినంత నీరు మోసికొని పోవుదురు.

బాట మొదట ఎత్తయిన రాతిగోడల నడుమ సాగును. ఈ గోడలెట్లేర్పడినవి? సుమారు 30 కోట్ల యేండ్ల క్రిందట అచ్చటికి సముద్రపునీరు పలుమారులు వచ్చి యెండిపోగా, ఉప్పు దట్టముగా పేరుకొనెను. దానిపై పడిన యిసుక పొరలు కాలక్రమమున రాయిగా మారెను. పైబరువునకు అడుగునున్న ఉప్పు కదలి ఉబ్బగా, పైరాయి వరుసలుగా బీటలువారెను. బీటలు వెడల్పుకాగా నడుమ పలుచని గోడలు మిగిలెను. వాననీరు ఇసుకరేణువులను పట్టియుంచు సున్నపు పదార్థమును కరగించును. చలికాలమున గడ్డకట్టి, వ్యాకోచించి, రాతిని పెకలించును. ఇట్లు గోడకు రంధ్రము పడి, పెరిగి, తోరణమగును.

కిలోమీటరున్నర నడచినంతనే లాండ్‌స్కేప్ తోరణము కాన్పించును. ఒక కొననుండి మరియొక కొనకు అది రమారమి 300 అడుగులు. కాని మిక్కిలి సన్నని చోట దాని మందము ఆరేడు అడుగులకు మించదు! 1991 సెప్టెంబరులో దాని అడుగుభాగమునుండి 60 అడుగుల పొడవుగల పలక ఊడిపడెను. క్రిందనున్నవారు పరుగెత్తి ప్రాణములు దక్కించుకొనిరి. అటుపిమ్మట తోరణము క్రిందికి పోవు బాటను మూసివైచిరి. ఆ సమీపముననే యుండిన వాల్ ఆర్చ్ అను తోరణము 2008 ఆగస్టులో ఒకనాటి రాత్రి కూలిపోయెను. తోరణమును మలచిన నీరే, బరువే, దానిని పడగొట్టును. దీనిని మనుష్యుడు ఆపజాలడు.

కాని ఆపదగిన నష్టము వేరొకటి గలదు. బాట ప్రక్క నేలపై నల్లని గరుకుపొర యొకటి కనబడును. చూచుటకు మట్టివలె నున్నను అది సజీవమైనది. సూక్ష్మజీవులు, పాచి కలిసి యల్లుకొని, ఇసుకను గాలికి ఎగిరిపోనీయక పట్టియుంచును. తేమను నిలిపి మొక్కలకు ఆధారమగును. ఒక్క పాదము మోపినను నలిగిపోవు నాపొర మరల పెరుగుటకు అనేక సంవత్సరములు పట్టును. అందుచే అచ్చట బాటపైననో, బండపైననో, ఇసుకవాగులోనో తప్ప నడువరాదు.

ఘనమైన తోరణములను చూడ వచ్చినవాడు, కాలిక్రింది యీ చిన్నప్రాణులను కాపాడి మరలవలెను. మన కొండలకు విహారయాత్ర పోవునపుడును ఈ నియమము మనకు శిరోధార్యము.