పన్నీరు తేట పెరట్లోకి

లీటరు పాలను నిమ్మరసంతో విరగ్గొట్టి వడకడితే ముప్పావు లీటరు దాకా తేట మిగులుతుంది. కోరుట్లలో చాలా ఇండ్లలో అది మోరీపాలవుతుంది. అక్కడ పులిసి కంపు కొడుతుంది, ఈగలు చేరతాయి, ఈగల వెంట పిల్లలకు విరేచనాలు. బాలింతలకు మేము ఈ మాట తప్పక చెబుతాం.

మంచి పాల తేట అయితే అదే రోజు చపాతీ పిండి కలపండి, పప్పుచారులో పోయండి. మిగిలింది చల్లారాక గ్లాసుకు పది గ్లాసుల నీళ్ళు కలిపి టమాట, వంకాయ మొక్కల మొదట్లో పోయండి. వారానికొకసారి చాలు. కొద్దిగా పొటాషియం, భాస్వరం, కాల్షియం అందుతాయి. అంతమాత్రాన పెంట ఎరువు మానుకోవద్దు. నీళ్ళు కలపకుండా పోస్తే అందులోని పాల చక్కెరకు చీమలు పడతాయి, మట్టి పులిసి వేర్లకు గాలి ఆడదు. ఉప్పు వేసిన తేట మొక్కలకు అసలే వద్దు.

గుమ్మడి జాతి మొక్కల బూడిద తెగులును పలుచని పాలు అదుపు చేస్తాయని 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త బెట్టియోల్ చూపారు. తేట చల్లి చూడాలనుకుంటే ముందు ఒక్క తీగ మీదే చల్లండి.

ఎండాకాలంలో వాటంతటవే విరిగిన పాలను మాత్రం పన్నీరు చేసి పిల్లలకు పెట్టకండి. కొన్ని సూక్ష్మజీవుల విషం మరిగించినా పోదు. గడ్డతో సహా పెరట్లో గుంత తీసి పోసి, మట్టి కప్పండి.