ఫిల్ము కోసం పాత ఇంక్‌జెట్ ప్రింటర్: కొనే ముందు చూడవలసినవి



చదువు పూర్తయ్యాక ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టగల పనుల్లో స్క్రీన్ ప్రింటింగ్ ఒకటి. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, బిల్లు పుస్తకాలు, చేతిసంచులు, టీషర్టులు ఒక చిన్న గదిలోనే వేసుకోవచ్చు. ఫ్రేము, మెష్ గుడ్డ, స్క్వీజీ పెద్ద ఖర్చు కాదు. ఎక్కువ డబ్బు పోయేది ఫిల్ము తీసే ప్రింటర్ దగ్గరే. అందుకే చాలామంది పాతది కొనాలనుకుంటారు. చూసి కొంటే పాత ప్రింటర్ మేలే. చూడకుండా కొంటే పెట్టుబడి మొత్తం దాని రిపేరుకే పోతుంది.

ఫిల్ము చేసే పని ఏమిటి?

మెష్ గుడ్డకు ఎమల్షన్ అనే పూత పూసి చీకటి గదిలో ఆరబెడతారు. దానిపై నల్లని అక్షరాలున్న పారదర్శకమైన ఫిల్ము ఉంచి లైటు వేస్తారు. వెలుతురు తగిలిన చోట పూత గట్టిపడుతుంది. నలుపు కింద ఉన్న పూత మెత్తగానే ఉండి, నీళ్ళతో కడిగితే పోతుంది. ఆ ఖాళీల గుండా రంగు కాగితం మీదకు దిగుతుంది.

కాబట్టి ఫిల్ము మీది నలుపు కంటికి అందంగా కనబడితే చాలదు, వెలుతురును ఆపాలి. ముఖ్యంగా ఎమల్షన్‌ను గట్టిపరిచే అతినీలలోహిత కాంతిని, నీలి కాంతిని ఆపాలి. దీనిని సాంద్రతతో కొలుస్తారు. సాంద్రత 2 అంటే నూటిలో ఒక వంతు వెలుతురు దాటుతుంది. సాంద్రత 3 అంటే వెయ్యిలో ఒక వంతే దాటుతుంది. రెండూ మన కంటికి నలుపే, కానీ దాటే వెలుతురులో తేడా 10 రెట్లు. అలా దాటిన వెలుతురుకు అక్షరం కింది పూత కూడా గట్టిపడి, సన్నని గీతలు తెరుచుకోవు. మన తెలుగులో ‘ద’కు, ‘ధ’కు తేడా కింద ఉన్న చిన్న గీతే. అది మూసుకుపోతే శుభలేఖలో పెళ్ళికూతురు ‘రాధ’ కాస్తా ‘రాద’ అవుతుంది. ఆ కార్డులన్నీ మళ్ళీ మన ఖర్చుతోనే వేసి ఇవ్వాలి.

హెడ్డు ఏ రకం?

ఇంక్‌జెట్ ప్రింటర్‌కు ప్రాణం హెడ్డు. ఎప్సన్ ప్రింటర్లలో కరెంటు తగిలితే వంగే పీజో పలకలు ఇంకును బయటకు నెడతాయి. ఈ హెడ్డు ప్రింటర్‌లోనే బిగించి ఉంటుంది. అది పాడైతే మార్చడానికి అయ్యే ఖర్చు పాత ప్రింటర్ ధరకు దగ్గరగా రావచ్చు. హెచ్‌పీ, కెనాన్ చిన్న ప్రింటర్లలో ఇంకు వేడెక్కి బుడగ లేచి చుక్క బయటపడుతుంది. వీటిలో చాలా మోడళ్ళకు హెడ్డు కాట్రిడ్జ్‌తోనే వస్తుంది. కాట్రిడ్జ్ మారిస్తే హెడ్డూ మారినట్లే.

ఫిల్ము పనికి ఎప్సన్ ఎక్కువగా వాడతారు. ఎప్సన్ 1390, ఎల్1800 వంటి ఆరు రంగుల ప్రింటర్లలో ఎ3 ప్లస్, అంటే 329 × 483 మి.మీ. వరకు ఫిల్ము తీయవచ్చు. టీషర్టులకు, సంచులకు ఈ సైజు అవసరం. శుభలేఖలు, కార్డులు మాత్రమే వేసేవారికి ఎ4 చాలు.

కొనేటప్పుడు చేయవలసిన పరీక్షలు

దుకాణానికి వెళ్ళేటప్పుడు ఇంక్‌జెట్ పూత ఉన్న ఫిల్ములు నాలుగు, పెన్‌డ్రైవ్, ఒక భూతద్దం వెంట తీసుకెళ్ళండి. మామూలు ఓ.హెచ్.పి. షీటు మీద ఇంకు నిలవదు, జారిపోతుంది.

1. ఎన్ని నెలలుగా వాడకుండా ఉంచారో అడగండి. వాడకుండా ఉంచితే ఇంకు హెడ్డులో ఎండిపోతుంది.

2. నాజిల్ చెక్ తీయించండి. నలుపు గీతల్లో ఒక్కటి కూడా తెగకూడదు. తెగితే హెడ్ క్లీనింగ్ చేసి మళ్ళీ చూడండి. మూడుసార్లు చేసినా తెగుతుంటే ఆ ప్రింటర్ వద్దు.

3. వేస్ట్ ఇంక్ ప్యాడ్ మార్చారా అని అడగండి. క్లీనింగ్‌లో పోయే ఇంకంతా ఆ ప్యాడ్‌లోకే వెళ్తుంది. ప్యాడ్ మార్చకుండా కౌంటర్ మాత్రమే రీసెట్ చేస్తే కొన్నాళ్ళకు ఇంకు కింద కారుతుంది.

4. ముందే తయారుచేసుకున్న ఫైలును ఫిల్ము మీద తీయండి. అందులో 5 సెం.మీ. నల్లని చదరం, సన్నని గీతలు, ధ, థ, ఠ, వత్తులతో 8 పాయింట్ల అక్షరాలు, 250 మి.మీ. పొడవైన గీత ఉండాలి. చదరంలో అడ్డచారలు కనిపించకూడదు. వత్తులను భూతద్దంతో చూడండి. పొడవు గీతను స్కేలుతో కొలవండి. ఇదే ఫైలు రెండోసారి తీసి ఒకదానిపై ఒకటి పెడితే సరిగ్గా కలవాలి. కలవకపోతే రెండు రంగుల పని కుదరదు.

5. పేపరు సెట్టింగులు మార్చి తీసి చూడండి. కొన్ని ప్రింటర్లలో ఫోటో పేపరు సెట్టింగు పెడితే నల్ల ఇంకు బదులు మూడు రంగులు కలిపి నలుపు చేస్తాయి.

అసలు పరీక్ష

ఆ నల్ల చదరాన్ని కత్తిరించి, తెలిసిన స్క్రీన్ ప్రింటింగ్ షాపుకు తీసుకెళ్ళండి. పూత పూసిన స్క్రీన్ మీద దాని పక్కనే ఒక రూపాయి నాణెం పెట్టి, రెండింటికీ ఒకేసారి లైటు వేయించండి. నాణెం కింద వెలుతురు అసలు దాటదు. కడిగినప్పుడు చదరం ఉన్న చోటు కూడా నాణెం చోటంత శుభ్రంగా, అంతే త్వరగా తెరుచుకుంటే ఆ నలుపు మన పనికి సరిపోతుంది. బేరం కుదిరినా ఈ పరీక్ష అయ్యేవరకు పూర్తి డబ్బు ఇవ్వకండి.

లెక్క వేసుకోండి

లెక్క కోసం ప్రింటర్ 6000 రూపాయలు, బయట ఫిల్ముకు 60 రూపాయలు, మనం తీసుకుంటే ఫిల్ము, ఇంకు కలిపి 25 రూపాయలు అనుకుందాం. ఒక్కో ఫిల్ముకు 35 రూపాయలు మిగులుతాయి. 6000ను 35తో భాగిస్తే దాదాపు 172. అంటే 172 ఫిల్ములు తీశాకే ప్రింటర్ డబ్బు తిరిగి వస్తుంది. మీ ఊరి ధరలతో ఈ లెక్క వేసుకోండి. నెలకు అయిదారు ఫిల్ములే అవసరమైతే బయట తీయించుకోవడమే నయం. పని పెరిగాక కొనవచ్చు.

కొన్న తరువాత వారానికి రెండుసార్లయినా ఒక పేజీ తీస్తూ ఉండండి. ఇంకు ఎండదు, హెడ్డు బతుకుతుంది. పాత వస్తువు కొనడం నామోషీ కాదు మిత్రులారా. పరీక్షించకుండా కొనడమే నష్టం.