ఎండాకు తెగులు: వరి ఆకులో ఏ జన్యువు మేల్కొంటుంది?

సాంబ మసూరి వేసే రైతుకు ఎండాకు తెగులు కొత్త కాదు. ఆకు కొన నుండి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపు తిరిగి, చివరకు గడ్డి రంగుకు ఎండిపోతుంది. తెల్లవారుజామున చూస్తే ఆకు మీద పసుపు జిగురు బొట్లు కనబడతాయి. ఎండెక్కేసరికి గట్టిపడి పూసల్లా అవుతాయి. ఆ బొట్టు నిండా బాక్టీరియాయే. ఒకసారి మడిలో పాకిందంటే మందు కొట్టి నయం చేయడం కష్టం. డబ్బు పోతుంది, తెగులు మాత్రం ఉంటుంది. అటువంటప్పుడు తెగులును తట్టుకునే విత్తనమే రైతుకు దిక్కు. ఆ విత్తనం ఎందుకు తట్టుకుంటుందో తెలియాలంటే, జన్యువు ఉండటం వేరు, పని చేయడం వేరు అన్న సంగతి ముందు తెలియాలి.

పట్టా పుస్తకంలో రైతు సర్వే నంబర్లన్నీ ఉంటాయి. ఈ వానాకాలం ఏ నంబరులో ఏ పంట పడిందో అందులో ఉండదు. అది కావాలంటే వెనకటికి పహాణీ తిరగేసేవాళ్ళం. మొక్క సంగతీ అంతే. వరికి 37,544 జన్యువులు ఉన్నాయని 2005లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం లెక్క ప్రకటించింది. వేరులోనైనా ఆకులోనైనా అవే జన్యువులు. కాని అన్నీ ఒక్కసారే పని చేయవు. పనిలోకి దిగే జన్యువు ముందుగా తన నకలు తీయిస్తుంది. ఆ నకలునే ఆర్.ఎన్.ఎ. అంటారు. ఒక సమయంలో ఒక భాగంలో ఉన్న నకళ్ళన్నీ కలిపితే ట్రాన్స్‌క్రిప్టోమ్. పేరు నోరు తిరగదు గాని, మొక్క తాలూకు పహాణీ అనుకుంటే సరిపోతుంది.

ఈ నకళ్ళు త్వరగా చెడిపోతాయి. అందుకని ఆకు కోసీ కోయగానే ద్రవ నత్రజనిలో ముంచి గడ్డకట్టిస్తారు. తరువాత ఆర్.ఎన్.ఎ. బయటికి తీసి, ఏ జన్యువు నకళ్ళు ఎన్ని ఉన్నాయో యంత్రంతో లెక్కిస్తారు. మంచి ఆకు లెక్క, తెగులు ఆకు లెక్క పక్కపక్కన పెడితే ఏ జన్యువు మేల్కొన్నదీ, ఏది పడుకున్నదీ బయటపడుతుంది. తెగులు ఆకులో వరి నకళ్ళూ బాక్టీరియా నకళ్ళూ కలిసే ఉంటాయి. రెండింటి జన్యువుల వరుసా తెలుసు కాబట్టి ఏది ఎవరిదో విడదీయవచ్చు.

వరి ఆకులో ఇలా నకళ్ళు చూడగా 2006లో ఒక విచిత్రం తేలింది. బాక్టీరియా చేరగానే వరి సొంత జన్యువు ఒకటి విపరీతంగా పని మొదలుపెడుతున్నది. దాన్ని మేల్కొలుపుతున్నది బాక్టీరియాయే! తనలో తయారైన ఒక ప్రోటీనును ఆకు కణంలోకి ఎక్కించి, తాళంచెవి తిప్పినట్టు ఆ జన్యువును తెరుస్తుంది. అది చక్కెరను కణం బయటికి పంపే జన్యువని 2010 నాటి పరిశోధనలో తెలిసింది. ఆకు వండుకున్న చక్కెర బయటికి వస్తుంది, పురుగు కంటికి కనబడని ఆ సూక్ష్మజీవి తిని పెరుగుతుంది. దొంగ ఇంటివారి చేతనే గాదె తీయించినట్టు.

ఆ జన్యువునే తీసేస్తే పోదా అని అడగవచ్చు. కుదరదు. పుప్పొడి తయారుకు అది కావాలి, దాని పని తగ్గితే తాలు ఎక్కువవుతుంది. అయితే కొన్ని వరి రకాల్లో ఈ జన్యువు ముందుండే మీట భాగం కొంచెం తేడాగా ఉంది. పాత తాళంచెవి అందులో పట్టదు. ఈ తేడా రూపానికే ఎక్స్.ఎ.13 అని పేరు. ఎక్స్.ఎ.5 అనే మరొకటి ఉంది. జన్యువు నకలు తీసే యంత్రాంగంలో అదొక భాగం. దాన్ని అడ్డం పెట్టుకునే బాక్టీరియా తన పని చేయించుకుంటుంది. దాని రూపం మారితే ఆ సాయం సరిగా అందదు. మూడోది ఎక్స్.ఎ.21. ఇది ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చింది, శత్రువును గుర్తుపట్టే కాపలాదారు.

ఈ మూడింటినీ సాంబ మసూరిలోకి తెచ్చిన పని మన దగ్గరే జరిగింది. మణికొండలో ఇప్పుడు మడుల కంటె మేడలే ఎక్కువ గాని, దగ్గరలోని రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన ఆగలేదు. 1986లో బాపట్ల నుండి విడుదలైన బి.పి.టి. 5204 రకాన్ని తీసుకుని, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. కలిసి మేలైన సాంబ మసూరిని తయారుచేశాయి. 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. వరిని వరితోనే సంకరం చేసి, సంతతిలో మూడు జన్యువులూ ఉన్న మొక్కలను గుర్తుల సాయంతో ఏరుకున్నారు. మూడు ఎందుకంటే, బాక్టీరియా దగ్గర తాళంచెవులు ఒకటి కాదు. కొన్ని జాతులు వేరే చక్కెర జన్యువును తెరుస్తాయి, వాటి ముందు ఎక్స్.ఎ.13 ఒక్కటే నిలవదు.

వరి ఒక్కటే కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వారు ‘ఆశ’ కందిలో మొలక నుండి ఎండే దశ దాకా ముప్పై రకాల భాగాలు తీసుకుని ఏ జన్యువు ఎక్కడ ఎప్పుడు పనిచేస్తుందో 2017లో పటం గీశారు. దాని ఫలం విత్తనంగా చేనుకు చేరటానికి సమయం పడుతుంది.

మేలైన సాంబ మసూరి కావలసిన వారు ఆర్.పి. బయో 226 అని అడగాలి. హైబ్రిడ్ కాదు కనుక శుభ్రమైన చేను నుండి విత్తనం దాచుకోవచ్చు. కాని ఇది ఎండాకు తెగులునే తట్టుకుంటుంది. అగ్గి తెగులు, దోమపోటు విషయంలో మామూలు సాంబ మసూరికి తీసుకునే జాగ్రత్తలన్నీ తప్పవు.

మామూలు రకం వేసినవారు, ఆకు ఎండుతుంటే మందుల దుకాణానికి పోయే ముందు ఒక పని చేయండి. తెగులు అంచు వద్ద ఆకు ముక్క కోసి, గాజు గ్లాసులో తేట నీళ్ళలో నిలబెట్టండి. కాసేపటికి కోసిన చోటు నుండి పొగలాగా తెల్లని జిగురు దిగితే అది బాక్టీరియాయే. అప్పుడు యూరియా పైపాటు ఆపండి. మడిలో నీరు తీసి ఆరబెట్టండి, ఆ నీరు మాత్రం పక్క మడిలోకి వదలవద్దు. వచ్చే ఏడు నాటు వేసేటప్పుడు నారు కొనలు తుంచకండి, తెగులు దూరేది ఆ గాయాల గుండానే.