డెబియన్ ప్యాకేజీ చేస్తున్నారా? గిట్ బ్రాంచ్‌లు ఇలా పెట్టుకోండి

మీ రాస్ప్‌బెర్రీ పైలోనో పాత ల్యాప్‌టాప్‌లోనో ఆప్ట్ కమాండ్ కొట్టగానే సాఫ్ట్‌వేర్ వచ్చేస్తుంది కదా. దాన్ని ముందే ఎవరో ప్యాకేజీగా తయారు చేసి పెట్టారు. అసలు కోడ్ రాసేవాళ్లను అప్‌స్ట్రీమ్ అంటారు. ప్యాకేజీ చేసేవాళ్లు ఆ కోడ్‌కి డెబియన్ అనే ఫోల్డర్, అవసరమైతే కొన్ని ప్యాచ్‌లు కలుపుతారు. ఇదంతా ఒకే బ్రాంచ్‌లో కలిపేస్తే, కొత్త వెర్షన్ వచ్చిన రోజు ఏ లైన్ వాళ్లదో, ఏది మనదో తేల్చుకోలేం.

అందుకే గిట్-బిల్డ్‌ప్యాకేజ్ అనే టూల్ వాడేవాళ్లు మామూలుగా మూడు బ్రాంచ్‌లు పెట్టుకుంటారు. అప్‌స్ట్రీమ్/లేటెస్ట్‌లో వాళ్ల కోడ్ మాత్రమే ఉంటుంది. డెబియన్/లేటెస్ట్‌లో ఆ కోడ్‌తో పాటు మన ఫోల్డర్ కూడా ఉంటుంది. మూడోది ప్రిస్టైన్-టార్. ఒరిజినల్ టార్‌బాల్‌ని ఒక్క బైట్ తేడా లేకుండా మళ్లీ తయారు చేయడానికి కావాల్సిన చిన్న డెల్టా ఫైళ్లు అందులో ఉంటాయి. మీ బ్రాంచ్‌ల పేర్లు జీబీపీ.కాన్ఫ్ ఫైల్లో రాసేయండి, సరిపోతుంది.

అప్‌స్ట్రీమ్ బ్రాంచ్‌లో చేత్తో ఒక్క కమిట్ కూడా వేయకండి. చిన్న స్పెల్లింగ్ తప్పయినా సరే, ప్యాచ్‌గానే వెళ్లాలి. కొత్త వెర్షన్ తెచ్చే పని ఇంపోర్ట్-ఆరిగ్ కమాండ్‌ది.

ఇక ప్యాచ్‌ల సంగతి. చాలామంది తడబడేది ఇక్కడే. కొత్త వెర్షన్ తెచ్చేముందే జీబీపీ పీక్యూ ఇంపోర్ట్ కొట్టండి. ప్రతి ప్యాచ్ ఒక కమిట్‌గా ప్యాచ్-క్యూ బ్రాంచ్‌లోకి వస్తుంది. తర్వాత డెబియన్ బ్రాంచ్‌కి వచ్చి కొత్త వెర్షన్ తెచ్చుకుని, పీక్యూ రీబేస్, చివర్లో పీక్యూ ఎక్స్‌పోర్ట్. ఈ వరస తిరగేస్తే పాత ప్యాచ్‌లు కొత్త కోడ్ మీద అతుక్కోక ఇంపోర్టే ఆగిపోవచ్చు. రీబేస్ అయితే మామూలు గిట్ కాన్‌ఫ్లిక్ట్‌లా సరిచేసుకోవచ్చు. ప్యాచ్-క్యూ తాత్కాలిక బ్రాంచే కాబట్టి సర్వర్‌కి పుష్ చేయక్కర్లేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ చూడండి. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని మేల్కొలిపే బిల్డ్ స్క్రిప్ట్ రిలీజ్ టార్‌బాల్‌లో ఉంది, గిట్‌లో లేదు. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ దాకా వచ్చేసింది కూడా. అప్‌స్ట్రీమ్ బ్రాంచ్ శుభ్రంగా ఉంటే, వాళ్ల గిట్ ట్యాగ్‌తో ఒక్క డిఫ్ కొట్టి టార్‌బాల్‌లో అదనంగా ఏమొచ్చిందో చూడొచ్చు. ఆటోటూల్స్ ప్రాజెక్ట్ అయితే కాన్ఫిగర్ లాంటి ఫైళ్ల వల్ల వేల లైన్ల తేడా కనిపిస్తుంది. విసుగే, కానీ ఎక్స్‌జెడ్‌లో ఆ స్క్రిప్ట్ దాక్కున్నది ఆ గుంపులోనే. కాబట్టి డాట్ ఎం4 ఫైళ్లను మాత్రం విడిగా తెరిచి చూడండి.